రాసింది మీరు, మార్చింది వారు: రచయిత నైతిక హక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, కుప్పం వైపు నుంచి కథకులు, కవులు, హరిదాసులు, కలంకారీ చిత్రకారులు అడిగే ప్రశ్నలు కొన్నేళ్లుగా దాదాపు అవే. అడిగేవారు మారతారు, గోడు మారదు: "నేను చేసినదాన్ని మరొకరు మార్చేశారు, ఏమైనా చేయగలనా?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ప్రతి జవాబూ విడిగా చదువుకోవచ్చు. మీ కాగితాలు కళ్లారా చూసిన న్యాయవాది వేరుగా చెబితే ఆయన మాటే వినండి.

## అసలు ఈ హక్కు ఏమిటి, ఎవరిది

కథను అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను. ఇంకా నాకు ఏ హక్కు మిగులుతుంది?

రెండు మిగులుతాయి. ఆ రచన మీదేనని చెప్పుకునే హక్కు మొదటిది. మీ గౌరవానికి గానీ పేరు ప్రతిష్ఠలకు గానీ భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే, ముక్కలు చేస్తే, మారిస్తే అడ్డుకునే హక్కు, పరిహారం కోరే హక్కు రెండోది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ వీటిని రచయిత ప్రత్యేక హక్కులుగా పేర్కొంది. నైతిక హక్కులని వాడుకలో అంటున్నవి ఇవే.

పొలం అమ్మినవాడు మరుసటి ఏడాది అందులో చెరకు వేయాలా, వేరుశనగ వేయాలా అని కొన్నవాడికి చెప్పలేడు. రచన విషయంలో చట్టం అలా ఊరుకోలేదు. కాపీరైట్ మొత్తం రాసిచ్చిన తరువాత కూడా ఈ రెండు హక్కులూ రచయిత దగ్గరే ఉంటాయని ఆ సెక్షన్ మొదటి వాక్యమే చెబుతోంది. ఇది మన దేశం ఒక్కటే కనిపెట్టింది కాదు. కాపీరైట్‌పై దేశాలు కలిసి చేసుకున్న బెర్న్ ఒప్పందంలో 1928 రోమ్ సవరణ ద్వారా చేరిన సూత్రం ఇది. ఆ ఒప్పందంలో భారతదేశం కూడా ఉంది.

కథను ఎక్కడా రిజిస్ట్రేషన్ చేయించలేదు. హక్కు పోయినట్లేనా?

పోలేదు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికివస్తుంది, అంతే. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సినిమా వారికి కథ వినిపించబోయేవారు ఆ 500 గురించి ఆలోచించకుండా కట్టేయడం మంచిది. అచ్చయిన ప్రతి మీద ఎవరి పేరు ఉందో వారినే రచయితగా మొదట భావించాలని 55వ సెక్షన్ అంటుంది. కాబట్టి మీ పేరుతో వెలువడిన పత్రిక ప్రతిని పాత కాగితాల వాడికి వేయకండి.

నేను రాసేవాణ్ణి కాదు. హరికథ చెబుతాను, వీధి నాటకంలో వేషం కడతాను. ఇవి నాకు వర్తిస్తాయా?

వర్తిస్తాయి. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ కళాకారులకు దాదాపు ఇలాంటి హక్కులే ఇచ్చింది: ప్రదర్శన మీదేనని గుర్తింపు పొందడం, పేరుకు మచ్చ తెచ్చే వక్రీకరణను అడ్డుకోవడం. చట్టం చెప్పే కళాకారుల జాబితాలో నటులు, గాయకులు, నర్తకులతో పాటు గారడీవారు, పాములను ఆడించేవారు కూడా ఉన్నారు. సెక్షన్లు రాసినవారికి మన జాతరలు బాగానే తెలిసినట్లుంది.

ఒక మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి. రికార్డింగు నిడివి సరిపెట్టడానికో, ఎడిటింగులో భాగంగానో, సాంకేతిక అవసరానికో కొంత భాగం తీసేస్తే, అంతమాత్రాన అది మీ ప్రతిష్ఠకు భంగమని చట్టం ఒప్పుకోదు. రాత్రంతా ఆడిన నాటకాన్ని 20 నిమిషాల వీడియోగా కుదించడం తప్పు కాదు. అదే వీడియోలో ద్రౌపది వేషగాడి ఏడుపును నవ్వుల చప్పుడుతో కలిపి ఎగతాళిగా మార్చితే అది వేరే సంగతి.

మా ఊరి ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజుల భారతం ఆడతాం. కథ అందరిదీ కదా, అందులో మా సొంతం ఏముంది?

కథ ఎవరి సొంతమూ కాదు. అయితే అర్జునుడు తపస్సు మాను ఎక్కేటప్పుడు పాడే పాటలను మీ మేళం గురువు ఇటీవలి కాలంలో తానే కట్టి ఉంటే, ఆ పాటలకు ఆయన రచయిత. దుర్యోధన వధ రోజు చెప్పే సంభాషణలు కొత్తగా రాసినవైతే రాసినవారివి. ఆ రాత్రి వేషం కట్టి ఆడినది ఆడినవారి ప్రదర్శన. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పద్యం మీద, వరుస మీద మాత్రం ఎవరూ పేరు రాసుకోలేరు.

సంప్రదాయ కళలో ఒక వ్యక్తి చేర్చిన కొత్త రూపానికి రక్షణ ఉంటుందా అన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. కన్నడ రచయిత శివరామ కారంత్ రూపొందించిన యక్షగాన ప్రదర్శనలపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో తీర్పు వచ్చింది. మన మేళాల వారు చేయవలసిందల్లా ఏది పాతదో, ఏది ఎవరు ఎప్పుడు కట్టారో ఒక నోటుపుస్తకంలో రాసి, తేదీ వేసి, మేళంలోని వారందరితో సంతకాలు చేయించడం. ఈ పని చేసినవారు ఎంత వెతికినా కనబడరు.

సినిమాకు దర్శకత్వం వహించాను. సినిమా నాదే కదా?

మన చట్టం ప్రకారం సినిమాకు 'రచయిత' నిర్మాత. దర్శకుడికి, దర్శకుడిగా, ఆ స్థానం లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కానీ చట్టం ఇప్పటికి అలాగే ఉంది. స్క్రీన్‌ప్లే, సంభాషణలు కూడా మీరే రాసి ఉంటే ఆ రాతప్రతికి మీరు రచయిత. పట్టు దొరికేది అక్కడే.

## సంతకం పెట్టే ముందు

ఒప్పందంలో 'ఎలాంటి మార్పులైనా చేసుకోవచ్చు, రచయిత అభ్యంతరం చెప్పరు' అని ఉంది. సంతకం పెడితే అంతేనా?

అంతే కాదు, కానీ కష్టం పెరుగుతుంది. ఈ ప్రశ్నకు మొదట తలచుకోవలసింది హిందీ రచయిత్రి మన్నూ భండారీ కేసు. ఆమె నవల 'ఆప్ కా బంటీ' సినిమా హక్కులు కొన్నవారు కథను, పాత్రలను, ముగింపును తన నవల పోలికే లేకుండా మార్చేశారని ఆమె కోర్టుకు వెళ్లారు. చివరకు ఇరువర్గాలూ రాజీ పడ్డా, ఢిల్లీ హైకోర్టు 1986లో తన అభిప్రాయాన్ని తీర్పుగా వెలువరించింది. పుస్తకం తెరకెక్కేటప్పుడు కొంత మార్పు తప్పదని ఒప్పుకుంటూనే, హక్కులు కొన్నంత మాత్రాన 57వ సెక్షన్ నుంచి తప్పించుకోలేరని, ఒప్పందంలోని షరతులను ఆ సెక్షన్‌కు లోబడే చదవాలని చెప్పింది.

2019లో కేరళ హైకోర్టు కూడా ఒక సినిమా స్క్రిప్టు వివాదంలో, స్క్రిప్టు రాసిచ్చేసినా రచయితగా గుర్తింపు కోరే హక్కు పోదని అంది. మరోవైపు, తెలిసి తెలిసి స్వచ్ఛందంగా వదులుకున్న హక్కును మళ్లీ అడగవచ్చా అన్న విషయంలో కోర్టుల మాట ఒకే తీరుగా లేదు. అందుకే ఆ వాక్యాన్ని కొట్టివేయమనండి. కుదరదంటే 'కథ మూలభావం, ప్రధాన పాత్రల స్వభావం, ముగింపు మార్చేటప్పుడు రచయిత రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి' అని ఒక వాక్యం చేర్పించండి. అదీ కుదరదంటే, 'మార్పులు నచ్చకపోతే నా పేరు తీసేయమని కోరే హక్కు నాకుంటుంది' అన్న మాటైనా రాయించుకోండి. ఈ మూడో మాటకు సాధారణంగా ఎవరూ అభ్యంతరం పెట్టరు, ఎందుకంటే దానికి వారికి ఖర్చేమీ లేదు.

ఒప్పందంలో ఏయే విషయాలు తప్పక ఉండాలి?

ఏ హక్కు ఇస్తున్నారు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలం. కాలం రాయకపోతే చట్టం 5 సంవత్సరాలుగా లెక్క కడుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సంతకం నాటికి వాడుకలోనే లేని కొత్త మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, దాన్ని పేరు పెట్టి రాసి ఉంటే తప్ప. ఈ నియమం 2012 సవరణతో వచ్చింది. సినిమా పాటలు, సంగీతం విషయంలో రాయల్టీ వాటాను వదులుకునే ఒప్పందం చెల్లదని కూడా ఆ సవరణే చెప్పింది.

మనవారు మరచిపోయేది పేరు. మీ పేరు ఏ అక్షరాలతో, ఎక్కడ, ఎంత పరిమాణంలో పడాలో రాయించుకోండి. కలం పేరుతో రాసేవారైతే ఏ పేరు పడాలో మరీ స్పష్టంగా ఉండాలి.

నేను పత్రికలో ఉద్యోగిని. జీతానికి రాసిన వ్యాసం మీద నాకు హక్కు ఉంటుందా?

ఆర్థిక హక్కులో పెద్ద భాగం యజమానిది. అయినా రచయిత మీరే కాబట్టి నైతిక హక్కు మీది. మీరు రాయని అభిప్రాయాన్ని మీ పేరు కింద చేర్చి అచ్చువేస్తే ప్రశ్నించవచ్చు. ఉద్యోగం చేస్తూనే ప్రశ్నించాలా అన్నది చట్టం తేల్చే విషయం కాదు.

ఒక పెద్దమనిషి ఆత్మకథ ఆయన పేరుతో నేను రాసిపెట్టాను. ఇప్పుడు నా పేరు వేయమని అడగవచ్చా?

సిద్ధాంతరీత్యా రచయితనని చెప్పుకునే హక్కు రాసినవారిదే. ఆచరణలో 'పేరు ఉండదు' అని ముందే ఒప్పుకుని, డబ్బు తీసుకుని, పుస్తకావిష్కరణలో మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవారికి కోర్టులో సానుభూతి దొరకడం అరుదు. 'సహకారం' అన్న చోట మీ పేరు వేయాలని మొదటే మాట్లాడుకోవడం మేలు.

## మార్చేసిన తరువాత

నా కథను పత్రికవారు సగానికి కుదించారు. ఇది వక్రీకరణేనా?

కుదింపు అంతా వక్రీకరణ కాదు. చూడవలసింది ఏమి పోయిందన్నది. వర్ణనలు తగ్గించి, కథ నడక చెడకుండా కుదిస్తే అది సంపాదకుడి పని. ఎందుకు చంపాడో చెప్పే పేరా తీసేసి కేవలం చంపాడని మిగిలిస్తే, చదివినవారు మిమ్మల్ని హింసను మెచ్చే రచయితగా అనుకుంటే, అప్పుడు మీ పేరుకు భంగం కలిగినట్లు. మీకు కోపం వచ్చిందా అన్నది కోర్టుకు కొలమానం కాదు. బయటి పాఠకుడి దృష్టిలో మీ స్థాయి తగ్గిందా అన్నదే ప్రధానం. 1994 సవరణ తరువాత ఈ షరతు మరింత గట్టిపడింది.

నా కథలోని మా చిత్తూరు మాండలికాన్ని మొత్తం పత్రిక భాషలోకి మార్చేశారు. చెప్పకుండానే!

మన ప్రాంతం నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. జవాబు రెండు మాటల్లో తేలదు.

కథకుడు తన గొంతుతో చెప్పే భాగంలో వర్ణక్రమం సరిచేయడం, పత్రిక శైలికి తేవడం మామూలుగా సంపాదకుడి అధికారంలోకే వస్తుంది. సంభాషణల సంగతి వేరు. పలమనేరు పల్లెలో వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చున్న ముసలమ్మ దినపత్రిక సంపాదకీయంలా మాట్లాడితే ఆ పాత్ర చచ్చిపోయినట్లే. అటు తమిళం, ఇటు కన్నడం ఆనుకుని ఉన్న సీమ మనది. ఆ మాటల కలయికే పాత్ర కులాన్ని, ఊరిని, చదువును, వయసును చెబుతుంది. మాండలిక కథకుడిగా పేరు తెచ్చుకున్న వ్యక్తి పేరు కింద అచ్చమైన గ్రాంథికపు మర్యాదలతో సంభాషణలు పడితే ఆయన ప్రతిష్ఠకు దెబ్బ తగిలిందని వాదించడానికి గట్టి ఆధారం ఉన్నట్లే. అదే మొదటి కథ పంపిన యువకుడికి ఈ వాదన నిలబెట్టడం కష్టం, ఎందుకంటే చూపించడానికి ప్రతిష్ఠ ఇంకా ఏర్పడలేదు. న్యాయంగా అనిపించకపోవచ్చు. కానీ చట్టం అడిగే ప్రశ్న అదే.

నా అనుభవంలో దీనికి కోర్టు కంటే కవరింగు లేఖ బాగా పనిచేస్తుంది. కథ పంపేటప్పుడే 'సంభాషణల్లోని మాండలికం ఉద్దేశపూర్వకం. మార్చవలసి వస్తే కథను తిప్పి పంపండి' అని ఒక్క వాక్యం రాయండి. ఆ లేఖ ప్రతి మీ దగ్గర ఉంటే, తరువాత 'మాకు తెలియదు' అనడానికి వారికి వీలుండదు. సంపాదకుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. నాలుగు జిల్లాల పాఠకులకు అర్థం కాని మాటకు అర్థం ఇవ్వమని అడగడం వారి హక్కు. అడిగితే ఇవ్వండి.

నా కవితలో నాలుగు పంక్తులు తీసి, పేరు లేకుండా వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అడ్డుకోగలనా?

పేరు తీసేయడం మొదటి హక్కుకు భంగమే. కానీ ఎవరు మొదలుపెట్టారో తెలియని సందేశాన్ని వెంబడించడం వృథా ప్రయాస. ఎవరైనా ఆ పంక్తులను తమ పుస్తకంలోనో, ప్రకటనలోనో, చొక్కా మీదనో వేసి డబ్బు చేసుకుంటే అప్పుడు లేవండి.

గంగమ్మ జాతర మీద నేను రాసిన పాట వరుస ఉంచుకుని, మాటలు మార్చి ఎన్నికల ప్రచారంలో వాడారు. ఏమి చేయాలి?

ముందు వరుస ఎవరిదో చూసుకోండి. అది జాతరలో ఎప్పటి నుంచో పాడుకునే జానపద వరుస అయితే దాని మీద మీకు పట్టు లేదు. దాన్ని వాడుకునే స్వేచ్ఛ మీకెంతో వారికీ అంతే. కొత్తగా కట్టిన వరుస అయితే కట్టిన సంగీతకర్తకు హక్కు ఉంది. మాటలు రాసిన మీ హక్కు మీ మాటల వరకే.

మీ పల్లవి ఉంచి, అమ్మవారి పేరు ఉన్నచోట అభ్యర్థి పేరు పెట్టి పాడితే రెండు తప్పులు జరిగాయి. అనుమతి లేకుండా వాడడం కాపీరైట్ ఉల్లంఘన. భక్తిగా రాసిన పాటను ఓటు అడగడానికి తిప్పడం, అదీ మీరు ఆ పార్టీ మనిషని జనం అనుకునేలా చేయడం, నైతిక హక్కుకు భంగం. పేరడీకి కొంత వెసులుబాటు ఉందన్న వాదన వినబడుతుంది. చట్టంలో ఉన్నది విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన వాడుక. ఓటు అడగడం మీ పాట మీద విమర్శ కాదు. ప్రచారం ముగిశాక దావా వేసి లాభం తక్కువ కాబట్టి, విన్న రోజే రాతపూర్వకంగా అభ్యంతరం పంపాలి.

శ్రీకాళహస్తిలో నేను చేత్తో వేసిన కలంకారీ అమ్మవారి బొమ్మను ఎవరో స్క్రీన్ ప్రింటుతో కాళ్లు తుడుచుకునే పట్టాల మీద అచ్చు వేశారు. మనకు జీఐ గుర్తింపు ఉంది కదా?

జీఐ, అంటే ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు, 'శ్రీకాళహస్తి కలంకారీ' అన్న పేరును కాపాడుతుంది. వేరే చోట యంత్రం మీద చేసిన దాన్ని ఆ పేరుతో అమ్మితే దానితో అడగవచ్చు. మీ చేతి బొమ్మను కాపాడేది కాపీరైట్ చట్టం. వెదురు కలంతో, కరక్కాయ అద్దకం మీద వేసిన ఆ బొమ్మ చిత్రకళాకృతి. మీరు దాని రచయిత.

అమ్మవారి బొమ్మ కాళ్ల కిందికి చేరడం గురించి చెప్పాలంటే, 57వ సెక్షన్‌లో 'వక్రీకరణ, మార్పు' అన్న మాటలతో పాటు 'రచనకు సంబంధించిన ఇతర చర్య' అన్న మాట కూడా ఉంది. గీత ఒక్కటి కూడా మారకపోయినా, పెట్టిన చోటు మీ గౌరవానికి భంగమని వాదించే వీలు ఆ మాట ఇస్తుంది. వేల బట్టల మీద అచ్చువేసే నమూనా కోసమే గీసిన డిజైన్ అయితే డిజైన్ల చట్టం అడ్డు రావచ్చు. ఆ తేడా తేల్చడానికి న్యాయవాదికి అసలు వస్త్రం చూపించండి, ఫోటో కాదు.

ఒక కార్యాలయం గోడ మీద నేను వేసిన చిత్రం మీద సున్నం కొట్టేశారు. పూర్తిగా చెరిపేస్తే కూడా వక్రీకరణేనా?

దీనికి రెండు తీర్పులు పక్కపక్కన చదవాలి.

శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడకు సుమారు 140 అడుగుల కంచు కుడ్యశిల్పం చేశారు. అది 1962లో పూర్తయింది. 1979లో ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలు విరిగాయి, కొన్ని కనబడలేదు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. కళాఖండాన్ని నాశనం చేయడం కూడా ఈ హక్కు పరిధిలోకి వస్తుందని, అది దేశ సాంస్కృతిక వారసత్వానికి సంబంధించిన విషయమని చెప్పింది.

రెండోది వాస్తుశిల్పి రాజ్ రేవాల్ కేసు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఆయన రూపకల్పన చేసిన ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చేశారు. మళ్లీ అలాగే కట్టించమని ఆయన కోరారు. 2019లో అదే హైకోర్టు కాదంది. స్థలం యజమాని ఆస్తి హక్కు కంటే వాస్తుశిల్పి హక్కు పెద్దది కాదని, పూర్తిగా కూల్చిన కట్టడం ఇక ఎవరికీ కనబడదు కాబట్టి దాన్ని చూసి పేరు చెడే అవకాశం లేదని తర్కించింది. ఈ తర్కం నాకు మింగుడుపడదు. సగం పాడు చేస్తే తప్పు, మొత్తం పాడు చేస్తే తప్పు కాదన్నట్లు వినిపిస్తుంది.

మీ గోడ చిత్రం విషయంలో ఫలితం ఈ రెండింటి మధ్య ఎక్కడైనా పడవచ్చు. వేసేటప్పుడే 'తొలగించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి, ఫోటోలు తీసుకోనివ్వాలి' అని పని ఉత్తర్వులో రాయించుకోవడం తెలివైన పని.

నా బొమ్మను ప్రదర్శనలో మూలన, చీకట్లో పెట్టారు.

దీనికి దారి లేదు. ప్రదర్శించకపోవడం, రచయితకు తృప్తి కలిగేలా ప్రదర్శించకపోవడం ఉల్లంఘన కాదని చట్టమే వివరణగా రాసింది.

విమర్శకుడు నా నవలను చీల్చి చెండాడాడు. ఇది నా గౌరవానికి భంగం కాదా?

కాదు. ఆయన మీ నవలను మార్చలేదు, తిట్టాడు.

కృత్రిమ మేధతో నా కథ ముగింపు మార్చి, నా గొంతుతోనే చదివినట్లు ఆడియో చేశారు. దీనికి చట్టం ఉందా?

ప్రత్యేక చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. మార్చినది యంత్రమా మనిషా అని 57వ సెక్షన్ అడగదు, మార్పు జరిగిందా అని అడుగుతుంది. కథ మీది, ముగింపు మీది కాదు, పేరు మాత్రం మీదే ఉంచారు. ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. గొంతును అనుకరించడం వ్యక్తిత్వ హక్కుల (తన పేరు, రూపం, గొంతు మీద మనిషికి ఉండే హక్కుల) కిందికి వచ్చే మరో విషయం; దావాలో రెండూ కలిపి అడుగుతారు.

2025 ఆగస్టులో 'రాంఝణా' సినిమా తమిళ రూపాన్ని కృత్రిమ మేధతో ముగింపు మార్చి మళ్లీ విడుదల చేసినప్పుడు దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. సినిమాకు చట్టరీత్యా రచయిత నిర్మాతే కావడం అక్కడ దర్శకుడికి అడ్డం. కథ రాసినవారికి ఆ అడ్డం లేదు.

## నోటీసు నుంచి కోర్టు దాకా

మార్పు చూడగానే మొదట ఏమి చేయాలి? ఫేస్‌బుక్‌లో పెట్టేయనా?

ఆగండి. కోపంతో రాసిన పోస్టులో ఒక్క మాట హద్దు దాటితే, పరువునష్టం కేసు మీ మీదే పడుతుంది. ముందు సాక్ష్యం పోగుచేయండి: మీ అసలు ప్రతి, దాన్ని పంపిన ఈమెయిలు, మార్చిన ప్రతి, కొన్న రసీదు. ఫోను, కంప్యూటర్‌లోని ఆధారాలను కోర్టులో పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసిన ఫోను మార్చేయకండి, అమ్మేయకండి. రెండు ప్రతులనూ ఎదురెదురు నిలువు గడుల్లో పెట్టి తేడాలు చూపే పట్టిక తయారుచేయండి. తరువాత మర్యాదగా ఒక లేఖ: ఏమి మారింది, మీకేమి కావాలి, ఎన్ని రోజుల్లో. సవరణ ప్రకటన, పేరు చేర్చడం, తదుపరి ముద్రణలో సరిచేయడం వంటివి చాలాసార్లు ఈ దశలోనే దొరుకుతాయి.

నేను తిరుపతిలో ఉంటాను, ప్రచురణకర్త హైదరాబాదులో. అక్కడికి వెళ్లి కేసు వేయాలా?

అక్కరలేదు. 62వ సెక్షన్ ప్రకారం దావా వేసే మనిషి ఎక్కడ నివసిస్తే లేదా పనిచేస్తే అక్కడి పరిధి ఉన్న జిల్లా కోర్టులోనే వేయవచ్చు. డబ్బున్న ప్రతివాది ఊరికి పేద రచయిత తిరగకుండా చేసిన ఏర్పాటు ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినందువల్ల మీ ఊరు ఇప్పుడు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. వివాదం విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించి అయితే వాణిజ్య న్యాయస్థానాల చట్టం వర్తించవచ్చు; అప్పుడు అత్యవసర ఉత్తర్వు కోరని దావాలకు ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి.

గౌరవానికి భంగం కలిగిందని ఎలా నిరూపించాలి?

మీ కన్నీళ్లతో కాదు, ఇతరుల మాటలతో. మార్పు చూశాక పాఠకులు రాసిన ఉత్తరాలు, 'ఇది మీరు రాసిందేనా?' అని వచ్చిన సందేశాలు, రద్దయిన సభ ఆహ్వానం, మీ పాత రచనలపై వచ్చిన సమీక్షలు పనికివస్తాయి. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలోని అధ్యాపకుడి వంటి నిపుణుడు రెండు ప్రతులనూ పోల్చి ఇచ్చే అభిప్రాయం కూడా బరువు తూగుతుంది.

పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా?

63వ సెక్షన్ కాపీరైట్‌ను మాత్రమే కాదు, ఈ చట్టం ఇచ్చిన ఇతర హక్కులను తెలిసి ఉల్లంఘించడాన్ని కూడా నేరంగా చెబుతోంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. నకిలీ ముద్రణల విషయంలో ఇది బాగా ఉపయోగపడుతుంది. కథ స్వభావం చెడిందా లేదా అన్న సాహిత్య వివాదాన్ని మాత్రం స్టేషన్‌లో తేల్చమనడం ఇద్దరికీ ఇబ్బంది. సివిల్ కోర్టే దానికి తగిన చోటు.

ఎంతకాలం పడుతుంది? ఎంత వస్తుంది?

డబ్బు కోసమైతే వేయకండి. సెహగల్ శిల్పం 1979లో తొలగించారు, ఆయన 1992లో కోర్టుకెక్కారు, తీర్పు 2005లో వచ్చింది, పరిహారం 5 లక్షలు. ఈ రకం కేసుల్లో అసలు విజయం మొదట్లో దొరికే మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పుకు ముందే కోర్టు ఇచ్చే ఆదేశం: మార్చిన పుస్తకం అమ్మకం ఆగడం, సినిమా విడుదలకు ముందే పేరు పడడం. అందుకే ఆలస్యం చేయకూడదు. పరిహారం కోరే దావాకు మూడేళ్ల గడువు ఉంది, కానీ మధ్యంతర ఉత్తర్వు కోరేవారు మూడు నెలలు ఊరుకున్నా 'ఇన్నాళ్లూ ఏమి చేశారు?' అన్న ప్రశ్న వస్తుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేదు.

మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం దీనికి ఆధారం. కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

## రచయిత తరువాత

అన్నమయ్య కీర్తనను రీమిక్స్ చేసి పాడు చేస్తున్నారు. ఎవరూ అడ్డుకోలేరా?

అన్నమయ్య సాహిత్యంపై కాపీరైట్ ఎవరికీ లేదు. అయిదు శతాబ్దాల నాటి పదకర్తకు చట్టబద్ధ ప్రతినిధిగా నిలబడి దావా వేసే మనిషిని ఊహించడం కష్టం. చెడ్డ రీమిక్స్‌కు మందు మంచి గానం.

కానీ రాగిరేకుల మీద మనకు దొరికింది సాహిత్యం, రాగాల పేర్లు, స్వరాలు కాదు. ఈనాడు కచేరీల్లో వినబడే వరుసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో కన్నుమూశారు. ఆయన స్వరపరిచిన వాటికి కాపీరైట్ గడువు 2039 చివరి దాకా ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తి 2014లో పోయారు, కాబట్టి ఆయన వరుసలకు 2074 దాకా. ఆ వరుసను పేరు చెప్పకుండా వాడుకుని, 'సంప్రదాయ వరుస' అని రాసేస్తే అది స్వరకర్తకు జరిగిన అన్యాయం. భక్తి చానళ్ల వీడియోల కింద ఈ పొరపాటు రోజూ కనబడుతుంది, ఎవరూ పట్టించుకోరు.

మా నాన్న కథలు రాసేవారు, పోయారు. ఆయన కథను మార్చి వేరేవాళ్లు వాడుకున్నారు. మేము అడగవచ్చా?

అడగవచ్చు. చట్టబద్ధ ప్రతినిధులు రెండు హక్కులనూ వినియోగించుకోవచ్చు. రచయితగా పేరు కోరే హక్కు 2012కు ముందు వారసులకు ఉండేది కాదు. ఆ సవరణ దాన్నీ ఇచ్చింది. కాపీరైట్ గడువు రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు. వక్రీకరణను అడ్డుకునే హక్కుకు గతంలో అదే గడువు వర్తించేది. ఆ షరతును 2012లో తొలగించారు కాబట్టి ఆ తరువాత కూడా వారసులు అడగగలరన్న వాదనకు చోటు ఏర్పడింది.

వారసులకు ఒక సూచన. నాన్నగారి కథలో ఒక పాత్ర మీ బంధువును పోలి ఉందనో, ఆయన రాజకీయం ఇప్పుడు మీకు నచ్చలేదనో పునర్ముద్రణలో మీరే పేరాలు కత్తిరించే పని పెట్టుకోకండి. రాతప్రతులు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు స్కాన్ చేయించి, ఏ కథ ఏ పత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో జాబితా రాసి, వారసులందరూ ఒకరికి అధికారం ఇస్తూ పత్రం రాసుకోండి. అన్నదమ్ముల్లో ఒకరు అనుమతి ఇచ్చి, మరొకరు నోటీసు పంపే పరిస్థితి వస్తే ప్రచురణకర్త ఆ పుస్తకం జోలికే రాడు.